అరవై గజాల దాకా

12 జనవరి 1994

అమ్మాయ్ ట్వైలా,

ఈసారి క్రిస్మస్‌కి నువ్వు రాలేదు. ఇక్కడ ఏం జరిగిందో మీ నాన్న ఈపాటికి నీకు రాసే ఉంటాడు. నా తమ్ముడే కానీ, వాడు చెప్పే ఏ కథలోనైనా తప్పంతా ఎదుటివాళ్ళదే. అందుకని నా మాట కూడా విను.

డిసెంబరు వేటలో నాకు గురి తప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తోలేవాళ్ళు అడవి అటు చివర నుంచి కేకలేసుకుంటూ వచ్చారు. జింకలు ఎప్పటిలాగే వాగు వంపు దగ్గర, నేను కాపు కాసే చోటికే వచ్చాయి. ముప్ఫై అయిదు గజాల దూరంలో ఒక పెంటి పక్కకి తిరిగి నిలబడింది. అంత సులువైన గురి ఏడాదికొకసారి కూడా దొరకదు. కాల్చాను. అది నా వైపు చూసి, తోక ఎత్తి, తన దారిన తాను పోయింది. మరో రెండు కూడా అలాగే పోయాయి. నాలుగోసారి ఒక పోతుకి తగిలింది కానీ తగలాల్సిన చోట తగల్లేదు. మంచు మీద నెత్తురు చూసుకుంటూ పక్క పొలం రెంకెన్ వాళ్ళ కంచె దాకా వెళ్ళాం. అక్కడ కొత్త మంచు కురిసి ఆనవాళ్ళు కప్పేసింది. ఆ జంతువు ఏమైందో తెలియదు.

గురి తప్పినవాళ్ళ చొక్కా అంచు కత్తిరించి షెడ్డు గోడకి మేకు కొట్టడం మా ముఠా ఆచారం కదా. నా చొక్కా మూడు చోట్ల కత్తిరించారు. నవ్వాను. మీ హిన్రిక్ మామయ్య చనిపోయి ఆ చోట నేను నిలబడినప్పటి నుంచి పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళ చొక్కాలు నేను కత్తిరించాను, నాది వాళ్ళు కత్తిరిస్తే ఏడుస్తానా?

అసలు సంగతి భోజనాల దగ్గర వచ్చింది. మీ నాన్న గరిటె కింద పెట్టి, అందరూ వినేలా, "అక్కా, వచ్చే ఏడు నువ్వు ఇంట్లో ఉండి వంట సంగతి చూడు. వంపు దగ్గర గ్యారీ నిలబడతాడు. డెబ్భై వస్తున్నాయి నీకు, ఇంకెన్నాళ్ళు?" అన్నాడు. మీ అక్క మొగుడు గ్యారీ తల ఎత్తకుండా బీన్స్ తిన్నాడు.

"ఒరేయ్ మెన్నో, ఆ అడవి నాది, ఆ వంపు నాది. నిలబడేది కూడా నా కాళ్ళ మీదే" అన్నాను.

"నేల నీది కాదని ఎవరన్నారే? గురి గురించి మాట్లాడుతున్నా" అన్నాడు.

ఆ చోటు నేను వదలను. ఇది నీకు చెబుతున్నాను కానీ, నీ సలహా అడగడం లేదు.

నవంబరులో నువ్వు పంపిన తూటాలే వాడాను. మంచి సరుకు, వాటికి వంక పెట్టడానికి లేదు. మంచు మీద ఎండ కొట్టి కళ్ళు చెదిరి ఉంటాయి, అంతే. పందులు బాగున్నాయి. పాస్టరు గారి ప్రసంగాలు మాత్రం ఇంకా పొడుగయ్యాయి.

నీ అత్త,
అల్వీరా

*

29 జనవరి 1994, రాక్‌ఫర్డ్

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్న కూడా రాశాడు. నువ్వన్నది నిజమే, ఆయన కథలో అందరూ తప్పు చేస్తారు. కానీ ఒక్క మాట దగ్గర మీరిద్దరూ కలిశారు. ఆయన, "అక్కకి చూపు ఆనడం లేదు" అని రాశాడు. నువ్వు, "కళ్ళు చెదిరాయి" అని రాశావు.

కోప్పడకు. వాటర్లూలో ఒక కళ్ళ డాక్టరు దగ్గర ఫిబ్రవరి ఏడో తేదీకి నీ పేరు రాయించాను. పొద్దున పది గంటలకి. శుక్లాలైతే ఇప్పుడు పెద్ద సంగతేమీ కాదు, ఇక్కడ మా సూపర్‌వైజరు తల్లికి రెండు కళ్ళకీ తీసేశారు, ఆవిడ ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది. అవసరమైతే తుపాకీకి దుర్భిణి బిగించుకోవచ్చు. ఒక్క ఏడాది గ్యారీ బావని నిలబడనిస్తే మాత్రం ఏం పోతుంది? మళ్ళీ నీ చోటు నీదే కదా.

తూటాలు నీకు నచ్చినందుకు సంతోషం. కొట్టు అతను అంతకన్నా సూటిగా పోయేవి లేవన్నాడు.

ఇక్కడ పని బాగా ఉంది. రోజంతా ఇనపదిమ్మెల్లో తొలిచిన రంధ్రాలు కొలవడమే. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపుతాను. మగవాళ్ళు నన్ను తిట్టుకుంటారు, నా ముందు మాత్రం కాదు.

ట్వైలా

*

9 ఫిబ్రవరి 1994

ట్వైలా,

వెళ్ళాను. నీ కోసం కాదు, "వెళ్ళలేదు కాబట్టి భయపడింది" అనే మాట మీ నాన్న నోట పడకుండా వెళ్ళాను.

డాక్టరు చిన్నవాడు. గోడ మీద అట్టలో చిట్టచివరి వరస చదవమన్నాడు. చదివాను. దాని కింద చీమ తలంత అక్షరాల్లో అట్ట అచ్చేసినవాళ్ళ పేరుంటే అది కూడా చదివి వినిపించాను. అతను కుర్చీలో వెనక్కి వాలి, "మీరు ఇక్కడికి ఎందుకొచ్చారండీ?" అని అడిగాడు. "నా మేనకోడలిని అడగండి" అన్నాను. రెండేళ్ళ దాకా రానక్కర్లేదట.

ఇప్పుడు నీకొక ప్రశ్న. ఆ ఉత్తరం నువ్వే రాశావా, మీ నాన్న రాయించాడా? "ఒక్క ఏడాది గ్యారీని నిలబడనిస్తే ఏం పోతుంది" అనే మాట నీది కాదు. అది వాడి మాట. పోయిన ఆదివారం చర్చి బయట అచ్చంగా అదే మాట అన్నాడు, గొంతు తగ్గించి, నాకేదో జబ్బు చేసినట్టు. నేను బండెక్కి వచ్చేశాను. ఒకసారి లేచిన మనిషికి మళ్ళీ ఆ చోటు దక్కదు. మా ముఠాలో ఎవరికీ దక్కలేదు. వంటగదిలోకి వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి బయటికి రాలేదు.

అక్కడ నీకు మనుషులు తిట్టుకున్నా ఉద్యోగం ఉంది. నాకున్నది ఆ వంపు. ఏడాదికి అయిదు రోజులు నేను ఎవరి విధవనూ కాను, ఎవరి అక్కనూ కాను, కాపు కాసే మనిషిని. చొక్కా అంచులు వాళ్ళు కత్తిరించారు, మిగతాది నువ్వు కత్తిరించావు.

దుర్భిణి పంపకు.

అల్వీరా

*

20 ఫిబ్రవరి 1994, రాక్‌ఫర్డ్

అత్తా,

నాన్న నా చేత ఏదీ రాయించలేదు. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఆయన నా చేత చేయించగలిగిన ఆఖరి పని నాకు పదిహేనేళ్ళప్పుడు జరిగింది, అదేదో నీకు గుర్తుండే ఉండాలి.

ఆ ఏడాది నన్ను కూడా వేటకి తీసుకెళ్ళమని అడిగాను. కాల్చనక్కర్లేదు, తోలేవాళ్ళతో నడుస్తానన్నాను. నాన్న నవ్వి, "కూరకి ఉల్లిపాయలు కోసేవాళ్ళు కావాలి" అన్నాడు. ఆ బల్ల దగ్గర నువ్వు కూడా ఉన్నావు. వేటకి వేసుకునే నారింజ రంగు చొక్కాతో, టీలో పటికబెల్లం కరిగేదాకా చూస్తూ కూర్చున్నావు. ఒక్క మాట అనలేదు. నేను వెళ్ళి ఉల్లిపాయలు కోశాను.

ఆ తూటాలు నీకెందుకు పంపానో తెలుసా? ఆ వరసలో నిలబడే ఆడమనిషివి నువ్వొక్కదానివే కాబట్టి. నేను నిలబడలేకపోయినా నా చేతి నుంచి వచ్చినదేదో అక్కడ ఉంటుందని. నీ కళ్ళ గురించి రాసింది కూడా నువ్వు అక్కడే ఉండాలని. నిన్ను లేపడానికి కాదు.

నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

ట్వైలా

*

3 ఏప్రిల్ 1994

ట్వైలా,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం పంతం కాదు. మొదట పంతమే. తరువాత సిగ్గు.

మార్చి నెలాఖరులో రెంకెన్ రాలిన కొమ్ములు ఏరుకోవడానికి వాగు వెంబడి వెళ్ళి, పొదలో ఒక పోతు కళేబరం చూశాడు. తుంటి ఎముకలో ఇరుక్కున్న గుండు తవ్వి తీసి మీ నాన్నకి ఇచ్చాడు. మీ నాన్న దాన్ని జేబులో పెట్టుకుని వచ్చి నా బల్ల మీద టీ కప్పు పక్కన పెట్టాడు. ముఠాలో అందరూ కాల్చేవి బొటనవేలంత లావు సీసపు గుళ్ళు. ఇది సన్నది, మధ్యలో నడుం నొక్కినట్టుంది. అలాంటివి నువ్వు పంపినవే, నేను కాల్చినవే.

"ఇది నీదే కదక్కా?" అన్నాడు.

"నాదే" అన్నాను.

అది అన్ని రోజులు తుంటి విరిగి ఆ పొదలో ఎలా పడి ఉందో తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు. గురి తప్పడం నవ్వులాట. గాయపరిచి వదిలేయడం వేరు. హిన్రిక్ ఉంటే నాతో నెల రోజులు మాట్లాడేవాడు కాదు.

నువ్వడిగిన దానికి కూడా జవాబు చెప్పాలి. అవును, ఆ రోజు నేను నోరు మెదపలేదు. మెదిపితే, "అయితే నువ్వు కూడా లోపలికి పద" అంటాడని భయపడ్డాను. అప్పటికి నాకు ఆ చోటు దక్కి ఏడాదే అయింది. నా చోటు కాపాడుకోవడానికి నిన్ను ఉల్లిపాయల దగ్గరికి పోనిచ్చాను. తప్పు చేశాను.

ఇక పని మాట. వంటగదిలో కూర్చుని ఏడిస్తే ఆ జంతువు లేవదు. నిన్న మధ్యాహ్నం గాలి లేనప్పుడు మొక్కజొన్న విత్తనాలొచ్చిన అట్టపెట్టె విప్పి గడ్డివాము ముందు నిలబెట్టాను. యాభై గజాలు అడుగులతో కొలిచాను. బండి బానెట్ మీద ఓట్స్ గింజల సంచి వేసి, దాని మీద తుపాకీ ఆనించి, మిగిలిన ఆరింటిలో అయిదు కాల్చాను. సంచి కదలదు, నా చెయ్యి వణికిందనడానికి లేదు. అయిదింటిలో రెండే అట్టకి తగిలాయి, అవి కూడా రెండు మూలల్లో. ఆ అట్ట నా రొట్టెలు చేసే బల్లంత వెడల్పు.

నాకు అర్థం కానిది ఇంకొకటుంది. చిల్లులు గుండ్రంగా లేవు. పొడుగ్గా, తాళంచెవి దూర్చే కన్నంలా ఉన్నాయి. ఆ రెండు ముక్కలూ కోసి ఈ కవరులో పెడుతున్నాను. రంధ్రాలు కొలిచే పని నీది. ఇవేం చెబుతున్నాయో నువ్వే చెప్పు.

అత్త

*

11 ఏప్రిల్ 1994, రాక్‌ఫర్డ్

అత్తా,

అట్ట ముక్కలు పనిలోకి తీసుకెళ్ళి కొలిచాను. కొలవకముందే తెలిసిపోయింది.

గుండు ముక్కుతో తగిలితే చిల్లు గుండ్రంగా పడుతుంది. నీ అట్టకి అది అడ్డంగా తగిలింది. అంటే గాలిలో పల్టీలు కొడుతూ వచ్చింది. ఆ సన్నటి గుండు బొంగరం లాంటిది, తిరుగుతున్నంతసేపే నిలబడుతుంది. దాన్ని తిప్పాల్సింది తుపాకీ గొట్టం. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉండాలి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఆ గాళ్ళని పట్టుకుని గుండుని తిప్పి వదులుతుంది. తాతయ్య నీకిచ్చిన తుపాకీ గొట్టం లోపల అద్దంలా నున్నగా ఉంటుంది. చిన్నప్పుడు దానిలోంచి కిటికీ వైపు చూసి ఆడుకున్నాను, నాకు గుర్తే.

పాత సీసపు గుండు ముందు బరువుగా, వెనక బోలుగా ఉంటుంది. వేళ్ళ దగ్గర రాయి వేసి విసిరిన మేజోడు ఎలా రాయి ముందుగా పోతుందో అదీ అలా పోతుంది, తిరగక్కర్లేదు. నీ తుపాకీకి కావలసింది అదే.

నేను కొట్టు అతన్ని, "అన్నిటికన్నా మంచిది ఇవ్వండి" అని అడిగాను. ఏ గొట్టానికి అని అతను అడగలేదు, నేను చెప్పలేదు. రోజూ వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషిని, నా సొంత అత్తకి పంపేదాని దగ్గర కొలత అడగడం మరిచిపోయాను. నువ్వేమో నా మనసు నొచ్చుకుంటుందని వాటికి వంక లేదని రాశావు. ఆ ఒక్క మర్యాద మాట లేకపోతే నేను నీ కళ్ళ జోలికి వచ్చేదాన్నే కాదు.

నీ తప్పు లేదత్తా. ఆ పోతు నా వల్ల పోయింది. ఈ ఉత్తరంతో పాటే నాన్నకి కూడా అంతా వివరంగా రాసి పోస్టులో వేస్తున్నాను. ఆయన నీ చోటు నీకు తిరిగి ఇస్తాడు.

ట్వైలా

*

24 ఏప్రిల్ 1994

ట్వైలా,

నిన్నెవరు రాయమన్నారు? ఉత్తరం వాడికి వేసేముందు నన్నొక మాట అడిగితే నీ పెన్నులో సిరా అయిపోయేదా?

గురువారం మీ నాన్న నీ ఉత్తరం ఊపుకుంటూ వచ్చాడు. ముఖం నిండా నవ్వు. "ఇంతేనా అక్కా! మేనకోడలు తప్పు సరుకు పంపితే నువ్వేం చేస్తావు పాపం. పోనీలే, వంపు దగ్గర నువ్వే నిలబడు. గ్యారీకి నేను చెప్తాలే" అన్నాడు.

నేను ఎదురుచూసిన మాట అదే. డిసెంబరు నుంచి ఆ మాట కోసమే పళ్ళు బిగించి ఉన్నాను. తీరా వాడు అనేసరికి నా ఒళ్ళు మండిపోయింది. నా చోటు వాడు తీసుకోవడమేమిటి, వాడు ఇవ్వడమేమిటి? పైగా దానికి నీ మీద నేరం మోపి, నన్ను పాపం అనాలా?

"నాకు నీ జాలి అక్కర్లేదురా. తూటా ట్వైలా పంపింది, మీట నొక్కింది నేను. కొత్త తూటాని ఒక్కసారి కూడా కాగితం మీద కాల్చి చూడకుండా ప్రాణమున్న జంతువు మీద కాల్చాను. ఆ తప్పు నాది. నేను మోస్తాను" అన్నాను.

"సరే, మొయ్యి. ఇంకేంటి గొడవ?" అన్నాడు.

"నువ్వెప్పుడు కాల్చావు కాగితం మీద?"

వాడికి నవ్వొచ్చింది. "నలభై ఏళ్ళుగా జింకల్ని కాలుస్తున్నా. కాగితమెందుకే నాకు?"

"నలభై ఏళ్ళలో ఎన్ని కంచె దాటి పోయి పొదల్లో చచ్చాయో లెక్క తెలుసా నీకు? రెంకెన్ తవ్వి తీసింది ఒకటే. తవ్వనివి ఎవరివి?"

నవ్వు ఆగింది. అప్పుడు నా మనసులో ఉన్నది చెప్పేశాను. ఈ డిసెంబరు నుంచి నా అడవిలో తుపాకీ పట్టుకుని కాపు కాయాలంటే ముందు నా గడ్డివాము దగ్గర కాల్చాలి. యాభై గజాల దూరంలో భోజనం చేసే కాగితపు పళ్ళెం ఒకటి. అయిదు కాల్చి అయిదూ అందులో వెయ్యాలి. వెయ్యలేనివాడు తుపాకీ బండిలో పెట్టి తోలడానికి నడవాలి. తమ్ముడైనా, అల్లుడైనా, పాస్టరు గారైనా సరే.

"నీకు పిచ్చి పట్టింది. మగాళ్ళు నీ గడ్డివాము దగ్గర పరీక్ష రాస్తారా?" అని తలుపు ధడాలున వేసి పోయాడు.

నేను పాత సీసపు గుళ్ళు తెచ్చి రాశాను పరీక్ష. యాభై గజాల్లో అయిదుకి అయిదు పళ్ళెంలో పడ్డాయి. అరవైలోనూ అయిదు. డెబ్భై అయిదులో రెండే. కాబట్టి నా హద్దు అరవై. చిల్లులన్నీ గుండ్రంగా ఉన్నాయి, కావాలంటే పంపుతాను, కొలుచుకో. నా కళ్ళని, చేతుల్ని ఇక ఎవరూ ఏమీ అనడానికి లేదు.

ఈ షరతు రాసి గేటుకి బోర్డు కొట్టాను. నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, మళ్ళీ అడక్కుండా ఉత్తరాలు వేస్తావేమోనని.

అత్త

*

13 నవంబరు 1994, రాక్‌ఫర్డ్

అత్తా,

నాన్న నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. నాకు ఆయన అంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నువ్వు నలభై ఏళ్ళ ముఠాని విడగొడుతున్నావట. బోర్డు చూసి ఊళ్ళో నవ్వుతున్నారట. నీ అడవి లేకపోతే తోలడానికి చోటే లేదట. "నీ మాటైతే వింటుంది, కాస్త చెప్పు" అని ఆఖరున రాశాడు.

చెప్పనని జవాబు రాశాను. ఒక్క వాక్యమే. ఈసారి కూడా పోస్టు చేసేముందు నిన్ను అడగలేదు, మన్నించు.

ఇంకొకటి. వేసవిలో నేనొక తుపాకీ కొన్నాను. గొట్టంలో గాళ్ళున్నది. కొట్టు అతన్ని కొనేముందు గంటసేపు ప్రశ్నలడిగాను, పాపం చెమట పట్టింది అతనికి. ఆ సన్నటి గుళ్ళే, నీ దగ్గర పల్టీలు కొట్టినవే, దీనిలోంచి బుద్ధిగా పోతున్నాయి. ఆదివారాలు ఊరి బయట తుపాకులు కాల్చే చాందమారీ మైదానంలో నేర్చుకుంటున్నాను. మొదటి రెండు నెలలూ భుజం కమిలిపోయింది. పోయిన వారం డెబ్భై అయిదు గజాల్లో అయిదుకి అయిదు పళ్ళెంలో పడ్డాయి. ఆ పళ్ళెం గోడకి తగిలించుకున్నాను.

బయటి రాష్ట్రం వాళ్ళకిచ్చే వేట అనుమతి ఈ ఏడాది అందలేదు. వచ్చే ఏడాదికి పెట్టుకుంటాను. రావచ్చా?

ట్వైలా

*

8 డిసెంబరు 1994

నా ట్వైలా,

వేట నిన్నటితో ముగిసింది. వేళ్ళు ఇంకా కొంకర్లు పోయే ఉన్నాయి, అక్షరాలు వంకరగా ఉంటే చలి అనుకో.

శనివారం తెల్లవారగానే ఎనిమిది మంది గేటు దగ్గర బండ్లు ఆపారు. నేను గడ్డివాము దగ్గర కొత్త పళ్ళెం తగిలించి, ఓట్స్ సంచి సర్ది, టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని నిలబడ్డాను. మీ నాన్న బండి దిగి బోర్డు చదివాడు, ఏడు నెలలుగా చూడనట్టు. "పదండ్రా" అన్నాడు. ఎనిమిది బండ్లూ వెనక్కి తిరిగాయి. ఎవరో హారన్ మోగించి నవ్వారు కూడా. నేను ఆ రోజంతా వంపు దగ్గర ఒక్కదాన్నే నిలబడ్డాను. తోలేవాళ్ళు లేకపోతే జింకలెందుకొస్తాయి? ఏదీ రాలేదు. రెండో రోజూ అంతే. సాయంత్రానికి కాళ్ళు మొద్దుబారాయి. ఒక్కమాట నిజం చెబుతాను, బోర్డు పీకేద్దామా అనిపించింది. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని, పీకను గాక పీకను అని పైకే అనుకున్నాను. వినడానికి కుక్క తప్ప ఎవరూ లేరు.

సోమవారం పొద్దున బండి చప్పుడైంది. మీ నాన్న. ఒక్కడే. ముఠా రెండు రోజులు రెంకెన్ పొలాలన్నీ తిరిగితే దొరికింది ఒక్క పెంటి. జింకలన్నీ నా అడవిలో హాయిగా పడుకున్నాయి. కిందకి దిగి, నా ముఖం చూడకుండా, "ఎక్కడ నీ కాగితం?" అన్నాడు.

చూపించాను. సంచి మీద తుపాకీ ఆనించి అయిదు కాల్చాడు, చాలా నెమ్మదిగా, ఒక్కోదానికి ఊపిరి బిగబట్టి. ఇద్దరం నడిచి వెళ్ళి చూశాం. పళ్ళెంలో రెండున్నాయి. ఒకటి అట్ట అంచున ఉంది. మిగతా రెండూ అట్టకే తగల్లేదు. వాడు ఆ రెండు చిల్లుల మీదా వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. నేనేదో ఒక మాట అంటానని ఎదురుచూశాడనుకుంటాను. పోయిన డిసెంబరులో వాడు గరిటె కింద పెట్టి అన్న మాటలన్నీ నా నాలిక చివర ఉన్నాయి. ఒక్కటీ అనలేదు.

వాడు తుపాకీలోంచి తూటాలు తీసేసి బండిలో పెట్టి తలుపేశాడు. "ఏ వైపు నుంచి తోలమంటావు?" అన్నాడు.

వాడికి అరవై నాలుగు. ఆ ముళ్ళపొదల్లో మైలు దూరం ఒంటరిగా, చప్పట్లు కొట్టుకుంటూ, పందుల్ని తోలినట్టు "హెయ్, హెయ్" అంటూ వచ్చాడు. నేను వంపు దగ్గర ఆ కేకలు వింటూ నిలబడ్డాను. అప్పుడొచ్చింది పోతు. ట్వైలా, అలాంటిదాన్ని నేను పదేళ్ళుగా చూడలేదు. పడిపోయిన కాటన్‌వుడ్ మాను పక్కన ఆగి, వెనక కేకల వైపు చెవులు తిప్పి, పక్కకి తిరిగి నిలబడింది. గొట్టం చివర గురి చూసే ఇత్తడి పూస సరిగ్గా దాని భుజం మీద ఉంది. వేలు మీట మీద ఉంది. ఆ మాను దాకా వేసవిలోనే అడుగులతో కొలిచాను. డెబ్భై అయిదు గజాలు. అయిదింటిలో రెండే.

కాల్చలేదు. అది వాగు దాటి వెళ్ళిపోయింది.

మీ నాన్న పొదల్లోంచి బయటపడ్డాడు. చెంప మీద ముల్లు గీరిన నెత్తురు, ఒళ్ళంతా పల్లేరుకాయలు, ఊపిరి అందడం లేదు. "ఏమే, కాల్చలేదేం? నిద్రపోయావా? కనపడలేదా నీకు?"

"కనపడింది. కొమ్ములు పది. డెబ్భై అయిదు గజాల్లో ఉంది. నా కాగితం అరవై దాకే."

వాడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. పాస్టరు గారు వినకూడని మాటలు అన్నాడు. "నలభై ఏళ్ళలో అలాంటివి మూడు చూశాను! నేనైతే కాల్చేవాణ్ణి!"

"అందుకేరా నిన్ను తోలమన్నాను."

వాడు మంచులోంచి టోపీ తీసుకుని దులుపుకున్నాడు. మధ్యాహ్నం ఇంకొకసారి తోలాడు, నేను చెప్పకుండానే. ఏమీ రాలేదు. మంగళవారం గ్యారీ వచ్చి అయిదూ పళ్ళెంలో వేసి, ఉత్తరం వైపు కాపు కాశాడు. మిగతా వాళ్ళు రాలేదు. ఈ ఏడాది నా ఫ్రీజరులో జింక మాంసం లేదు. పది కొమ్ముల పోతుని ముసలామె వదిలేసిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. దాని తుంటిలో నా గుండు లేదు, అది నాకు తెలుసు.

నిన్న ఆఖరి రోజు మీ నాన్న టీకి కూర్చున్నాడు. నువ్వు రావచ్చా అని అడిగిన సంగతి చెప్పాను. నీ పళ్ళెం సంగతి కూడా చెప్పాను. "డెబ్భై అయిదులో అయిదా? ఎవరు నేర్పారు దానికి?" అన్నాడు. "నువ్వు వద్దన్నావు కాబట్టి తనంతట తనే నేర్చుకుంది" అన్నాను. కప్పు నా వైపు జరిపి ఇంకొంచెం టీ పొయ్యమన్నాడు.

నువ్వు రావాలి. వచ్చాక నా గడ్డివాము దగ్గర అయిదూ వెయ్యాలి. రాక్‌ఫర్డ్ పళ్ళెం ఇక్కడ చెల్లదు, మేనకోడలివైనా సరే. వేశావంటే మాత్రం నీ గురి నా గురికన్నా పదిహేను గజాలు ఎక్కువ. ఆ వంపు నుంచి మాను దాకా కాల్చగలిగినవాళ్ళు నిలబడాలి. మీ నాన్నకి ఆ మాటే చెప్పాను. "వంపు ట్వైలాది, మనిద్దరం తోలాలి" అన్నాను.

"మనిద్దరమా?" అన్నాడు.

"మనిద్దరమే. మోకాళ్ళకి నూనె రాసుకో" అన్నాను.

అనుమతి కాగితాలు తొందరగా పెట్టుకో, ఆలస్యం చేస్తే మళ్ళీ అందవు.

నీ అత్త,
అల్వీరా